80 బైట్ల వేరు కాపురం

బిట్‌కాయిన్ బ్లాకులను తెరిచి లావాదేవీలను ముడి రూపంలో చూసే అలవాటున్న వాళ్లకు ఒక వరస తరచూ ఎదురవుతుంది: 6ఎ 4సి 50 58 32 5బి. 83 బైట్ల తునకలో ఇవి మొదటి ఆరు. 6ఎ అంటే ఓపీ రిటర్న్. ఇక్కడున్నది ఖర్చుపెట్టే డబ్బు కాదు, ఉత్త రాత అని బిట్‌కాయిన్‌కు చెప్పే ఆజ్ఞ అది. 4సి, 50 కలిసి తరవాత 80 బైట్లు వస్తున్నాయని చెబుతాయి. పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో 50 అంటే మన 80. ఆ వెనక 58, 32 అన్నవి ఎక్స్ అనే అక్షరం, 2 అనే అంకె. 5బి ఒక చదరపు బ్రాకెట్టు. వీటి అర్థం బిట్‌కాయిన్‌కు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. స్టాక్స్ అనే మరో బ్లాక్‌చైన్ మాత్రం తన తరవాతి బ్లాకు ఎవరు రాయాలో ఈ 80 బైట్లు చదివే తేల్చుకుంటుంది.

స్టాక్స్ గొలుసు ఒకప్పుడు బిట్‌కాయిన్ లావాదేవీల మీద ఒక పొరగా బతికింది. దానికి సొంత బ్లాకులు లేవు, సొంత మైనర్లు లేరు. 2021 జనవరి 14న బయటికొచ్చి వేరు కాపురం పెట్టింది. నాణెం ధర ఎంత, కొనాలా వద్దా అన్న మాటలు ఈ వ్యాసంలో దొరకవు. క్రిప్టో గురించి మనకు వచ్చే రాతల్లో నూటికి తొంభై వాటి గురించే, లోపలి పనితనాన్ని దగ్గరగా చూసి మెచ్చుకున్నవి బహు తక్కువ. బతికున్న ఒక వ్యవస్థను, దానిమీద జనం పేర్లూ సొమ్మూ ఉండగానే, ఒక గొలుసు లోపలినుంచి తీసి సొంత గొలుసుగా నిలబెట్టడం చిన్న పని కాదు. ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది వదిలెయ్యాలి, పాత ఇంటితో ఏ సంబంధం ఉంచుకోవాలి అన్న ప్రశ్నలకు దాన్ని కట్టినవాళ్లు వెతుక్కున్న జవాబులు చాలా అందంగా ఉన్నాయి.

కథ పేర్లతో మొదలైంది. ఇంటర్నెట్‌లో మనిషికి ఒక పేరుండాలి, ఆ పేరు ఏ కంపెనీ దయమీదా ఆధారపడకూడదు, ఎవరూ దాన్ని లాక్కోలేకపోవాలి. ప్రిన్స్‌టన్‌లో చదువుకున్న మునీబ్ అలీ, ర్యాన్ షే 2014లో ఈ పనికి దిగినప్పుడు నేమ్‌కాయిన్ మీద కట్టారు. 2011లో బిట్‌కాయిన్ కోడ్ నుంచి చీలి, పేర్ల నమోదు కోసమే పుట్టిన గొలుసు అది. బిట్‌కాయిన్ తవ్వే శ్రమతోనే దాన్నీ తవ్వే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి, కాగితం మీద చూస్తే బిట్‌కాయిన్ భద్రతంతా దానికీ దక్కినట్టే. వాడి చూస్తే వేరే సంగతి బయటపడింది. బిట్‌కాయిన్ మైనర్లలో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్న వాళ్లలో ఒక్క మైనింగ్ పూల్ చేతికే సగానికి మించిన బలం చిక్కింది. సగం దాటినవాడు తలచుకుంటే చరిత్రను తిరగరాయగలడు. మునీబ్ అలీ, జూడ్ నెల్సన్, ర్యాన్ షే, మైకేల్ ఫ్రీడ్‌మన్ 2016లో యూజ్‌నిక్స్ సదస్సుకు సమర్పించిన పత్రంలో ఈ అనుభవాన్ని దాపరికం లేకుండా రాశారు. తరవాతి నిర్ణయాలన్నిటికీ పునాది ఆ దెబ్బే అని నా నమ్మకం. వేరుపడిన గొలుసు బలహీనంగా ఉంటే ఏమవుతుందో వాళ్లు చదివి తెలుసుకోలేదు, పడి తెలుసుకున్నారు.

అందుకే 2015 సెప్టెంబరులో నేమ్‌కాయిన్‌ను వదిలి నేరుగా బిట్‌కాయిన్‌లోకి వచ్చేశారు. అప్పటికి ఆ వ్యవస్థ పేరు బ్లాక్‌స్టాక్. బిట్‌కాయిన్ మీద పొరగా బతకడం కొత్తేమీ కాదు. 2013లో మాస్టర్‌కాయిన్, 2014లో కౌంటర్‌పార్టీ ఆ దారిలోనే నడిచాయి. టెథర్ కూడా మొదట మాస్టర్‌కాయిన్ వారసురాలైన ఆమ్నీ పొర మీదే పుట్టింది. పద్ధతి అన్నిటిదీ ఇంచుమించు ఒకటే. మామూలు బిట్‌కాయిన్ లావాదేవీలో ఒక మూల కొన్ని బైట్లు రాస్తారు. బిట్‌కాయిన్ వాటిని భద్రంగా దాచిపెడుతుంది, వరసక్రమం ఖాయం చేస్తుంది, అర్థం మాత్రం పట్టించుకోదు. ఈ పొరకు చెందిన నోడ్‌లు బ్లాకులన్నీ మొదటినుంచి చదువుకుంటూ, తమకు సంబంధించిన రాతలను ఏరుకుని, ఎవరి పేరు ఎవరిదో లెక్క కట్టుకుంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. రాత సరైనదో కాదో బిట్‌కాయిన్ మైనర్లు చూడరు. అందువల్ల ఒకే రాతను రెండు నోడ్‌లు రెండు రకాలుగా అర్థం చేసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఒకరి దగ్గర పాత సాఫ్ట్‌వేర్, మరొకరి దగ్గర కొత్తది ఉంటే చాలు, ఎవరికీ తెలియకుండానే రెండు చరిత్రలు మొదలవుతాయి. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు ఏకాభిప్రాయ హ్యాష్. ప్రతి బిట్‌కాయిన్ బ్లాకు దగ్గరా నోడ్ ఆగి, ఆ బ్లాకులో తనకు కనిపించిన చర్యలన్నిటినీ, వాటితో పాటు అంతకుముందరి ఏకాభిప్రాయ హ్యాష్‌లలో కొన్నిటినీ కలిపి కొత్త హ్యాష్ కడుతుంది. కొన్నిటినీ అంటే ఒకటి వెనకది, రెండు వెనకది, నాలుగు వెనకది, ఎనిమిది వెనకది, ఇలా రెట్టింపవుతూ పోయే దూరాల్లో ఉన్నవి. ఎవరైనా కొత్త చర్య పంపేటప్పుడు ఇటీవలి హ్యాష్‌ను అందులో రాయాలి. నేను చూస్తున్న చరిత్ర ఇదీ అని చెప్పుకోవడం అన్నమాట. చదివే నోడ్ దగ్గరున్న హ్యాష్‌తో అది కలవకపోతే ఆ చర్య చెల్లదు. ఇద్దరి లెక్కలు ఎక్కడో తేడాపడ్డాయని అక్కడికక్కడే తేలిపోతుంది.

రెట్టింపు దూరాల వెనక మరో లాభం దాగి ఉంది. ఇవాళ్టి హ్యాష్ ఒక్కటి నమ్మకంగా తెలిస్తే, లక్ష బ్లాకుల వెనకటి ఒక నమోదు నిజమో కాదో తేల్చుకోవడానికి లక్ష బ్లాకులూ తిరగెయ్యక్కరలేదు. పెద్ద అంగల్లో వెనక్కి దూకుతూ పదిహేడు, పద్దెనిమిది మజిలీల్లో అక్కడికి చేరవచ్చు. చిన్న ఫోను కూడా చెయ్యగల పని. ఈ భాగాన్ని గుర్తుపెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు సామానుతో పాటు ఇదీ వెళ్లింది.

పొరగా బతికినంత కాలం చోటుకు కటకటే. 2014లో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ ఓపీ రిటర్న్ రాతకు ఇచ్చిన చోటు 40 బైట్లు, మరుసటేడు 80 అయింది. అందులోనే అన్నీ ఇమడాలి. పేరు ముందుగా హ్యాష్ రూపంలో బుక్ చేసుకోవాలి, లేకపోతే దారిలో చూసినవాడు తన్నుకుపోతాడు. ఆ తరవాత రెండో లావాదేవీలో అసలు పేరు బయటపెట్టాలి. పేరు వెనకుండే వివరాలకు గొలుసులో చోటు లేదు కాబట్టి అవి బయట ఉంటాయి, వాటి హ్యాష్ మాత్రం లోపల ఉంటుంది. ప్రతి అడుగుకూ ఒక బిట్‌కాయిన్ లావాదేవీ, దానికో రుసుము, సుమారు పది నిమిషాల ఎదురుచూపు. 2017 చివర్లో బిట్‌కాయిన్ రుసుములు ఆకాశానికి అంటినప్పుడు ఒక పేరు నమోదు చేసుకోవడం సామాన్యుడి వల్ల అయ్యే పనిగా లేదు. 2018లో ఇదే పద్ధతిలో స్టాక్స్ టోకెన్ కూడా వచ్చింది. దాన్ని ఒకరినుంచి ఒకరికి పంపాలన్నా జేబులో బిట్‌కాయిన్ ఉండాల్సిందే. ఒప్పందాలను ప్రోగ్రాములుగా రాసుకుందామంటే 80 బైట్లలో ఏ ప్రోగ్రామూ పట్టదు.

వేరుపడక తప్పని పరిస్థితి. కానీ ఎలా? సొంత మైనర్లతో కొత్త గొలుసు పెడితే నేమ్‌కాయిన్ గతే పడుతుంది. బిట్‌కాయిన్‌ను అలాగే అంటిపెట్టుకుంటే ఎదుగుదల లేదు. ఈ రెంటి మధ్య వాళ్లు గీసిన గీతే ఈ రూపకల్పన మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది. లావాదేవీలు, ఒప్పందాలు, ఖాతాల నిల్వలు అన్నీ కొత్త గొలుసుకు పోవాలి. తరవాతి బ్లాకు ఎవరు రాయాలన్న ఎన్నిక ఒక్కటీ బిట్‌కాయిన్‌లోనే జరగాలి. ప్రతి బిట్‌కాయిన్ బ్లాకూ ఒక ఎన్నిక. పోటీకి నిలబడే మైనర్ నిజమైన బిట్‌కాయిన్ వదులుకుంటూ ఒక లావాదేవీ పంపుతాడు. ఎంత ఎక్కువ వదులుకుంటే గెలిచే అవకాశం అంత ఎక్కువ. ఆ లావాదేవీలోని రాతే మొదట్లో చూసిన 80 బైట్లు. జూడ్ నెల్సన్ ముందుండి రాసిన తొలి ప్రతిపాదన పత్రం, సిప్ 001, ఈ ఎన్నిక గురించే.

ఆ 80 బైట్లను విప్పి చూద్దాం.

మొదటి రెండు బైట్లు, ఎక్స్, 2, ఇది స్టాక్స్ రాత అని చెప్పే గుర్తు. మూడోది బ్రాకెట్టు, ఇది బ్లాకు పోటీకి సంబంధించిన రాత అని చెబుతుంది. ఆ తరవాత 32 బైట్లు, తొలి రూపంలో, మైనర్ ప్రతిపాదిస్తున్న స్టాక్స్ బ్లాకు హ్యాష్. గెలిచాక బ్లాకులో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ తప్పుతుంది కాబట్టి, మాట ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆపైన మరో 32 బైట్లు సీడ్, తరవాతి లాటరీకి కావలసిన యాదృచ్ఛిక సంఖ్య. దీన్ని మైనర్ తన ఇష్టం వచ్చినట్టు రాసుకోలేడు. ముందే నమోదు చేసుకున్న తాళంతో, గత సీడ్ మీద వీఆర్ఎఫ్ అనే గణితం నడిపితే ఏ సంఖ్య వస్తుందో అదే రాయాలి. వచ్చేది ఒకే ఒక్క జవాబు, అది సరైనదని ఎవరైనా సరిచూడగలరు, ముందుగా ఊహించడం మాత్రం తాళం లేనివాడి తరం కాదు. విజేతను ఎన్నుకునేటప్పుడు గత విజేత సీడ్‌ను బిట్‌కాయిన్ బ్లాకు హ్యాష్‌తో కలుపుతారు. స్టాక్స్ మైనర్ ఒక్కడూ దాన్ని తనవైపు తిప్పుకోలేడు.

ఇప్పటికి 67 బైట్లు అయిపోయాయి. మిగిలినవి 13. ఈ 13 బైట్లలో రెండు పెద్ద ప్రశ్నలకు జవాబు ఉండాలి. నా బ్లాకు ఏ బ్లాకు తరవాత వస్తుంది? నేను నమోదు చేసిన తాళం ఎక్కడుంది? మామూలుగా ఏ బ్లాక్‌చైన్‌లోనైనా తల్లి బ్లాకును దాని హ్యాష్‌తో చెబుతారు. 32 బైట్లు. తాళానికీ ఇంకో 32. అలా రాస్తే 80 దాటి ఎక్కడికో పోతుంది.

వీళ్లు హ్యాష్ రాయలేదు, చిరునామా రాశారు. తల్లి బ్లాకు తాలూకు పోటీ రాత ఏ బిట్‌కాయిన్ బ్లాకులో ఉందో చెప్పడానికి 4 బైట్లు, ఆ బ్లాకులో ఎన్నో లావాదేవీయో చెప్పడానికి 2. మొత్తం 6. తాళానికీ అంతే, 4, 2. బిట్‌కాయిన్‌లో ఎన్నో బ్లాకు, అందులో ఎన్నో లావాదేవీ అంటే అందరికీ ఒకే చోటు కనిపిస్తుంది, ఆ వరసను అప్పటికే లోకమంతా ఒప్పుకుంది. ఒప్పుకున్నదాన్ని మళ్లీ హ్యాష్‌తో రుజువు చెయ్యనక్కరలేదు. రెండు చోట్ల 26 చొప్పున 52 బైట్లు మిగిలాయి. పొదుపు ఒక్కటే అయితే ఇంతగా మెచ్చుకునేవాణ్ణి కాదు. దీనివల్ల ఏ స్టాక్స్ బ్లాకు ఏ బ్లాకు మీద కట్టారన్న వంశవృక్షం మొత్తం బిట్‌కాయిన్‌లో బహిరంగంగా ఉంటుంది. ఎవరైనా చాటుగా మరో చరిత్రను కట్టుకుంటూ పోయి, ఒక రోజు హఠాత్తుగా బయటపెడదామంటే కుదరదు. ప్రతి చీలికా పుట్టిన క్షణమే నమోదవుతుంది.

లెక్క చూడండి. రెండు, ఒకటి, 32, 32, నాలుగు, రెండు, నాలుగు, రెండు. 79. ఇంకొక్క బైటు ఉంది.

ఆ ఆఖరి బైటును చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. మైనర్ పంపిన లావాదేవీ అనుకున్న బిట్‌కాయిన్ బ్లాకులోనే పడుతుందని హామీ లేదు. రుసుము తక్కువైతే ఒక బ్లాకు ఆలస్యంగా చేరవచ్చు. ఆలస్యంగా వచ్చినదాన్ని ఆ ఎన్నికలో లెక్కపెట్టకూడదు. అలాగని మైనర్‌ను పూర్తిగా శిక్షించనూ కూడదు. ఎందుకంటే ఒక మైనర్ బలాన్ని ఒక్క బ్లాకులో పెట్టిన ఖర్చుతోనే కొలవరు. గత ఆరు బ్లాకుల్లో పెట్టిన ఖర్చుల మధ్యగతాన్ని కూడా తీసి, ఈసారి పెట్టినదానితో పోల్చి, రెంటిలో ఏది తక్కువైతే అదే పరిగణిస్తారు. ఒక్కసారి డబ్బు కుమ్మరించి గెలిచి మాయమయ్యే వాళ్లకు ఇది అడ్డుకట్ట. ఇందుకోసం మైనర్ ప్రతి కొత్త రాతలోనూ తన పాత రాత తాలూకు నాణేన్ని ఖర్చుపెడుతూ వరసగా సాగాలి. ఒక రాత ఆలస్యమైనంత మాత్రాన ఆ వరస తెగకూడదు. మరి ఏ బ్లాకు కోసం పంపాడో తెలిసేదెలా? బ్లాకు సంఖ్య మొత్తం రాయడానికి చోటు లేదు. అందుకని అయిదుతో భాగిస్తే వచ్చే శేషం రాస్తారు. దానికి మూడు బిట్లు చాలు. శేషం కలవకపోతే ఇది ఆలస్యంగా వచ్చిన రాత అని గుర్తించి, ఎన్నికలో పక్కనపెట్టి, వరసలో మాత్రం ఉంచుతారు. సరిగ్గా అయిదు బ్లాకులు ఆలస్యమైతే శేషం మళ్లీ కలిసిపోతుంది కదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. వస్తే రానివ్వండి, అంత పాత రాతలో తల్లి చిరునామా కూడా పాతదే ఉంటుంది.

ఆ బైటులో ఇంకా అయిదు బిట్లు మిగిలాయి. వాటినీ వృథా పోనివ్వలేదు. 2021 డిసెంబరులో తొలిసారి నియమాలు మార్చాల్సి వచ్చినప్పుడు, కొత్త నియమాలకు మారిన మైనర్లు ఆ అయిదు బిట్లలో ఒక గుర్తు రాయాలన్నారు. గుర్తు లేని రాత చెల్లదు. సాఫ్ట్‌వేర్ మార్చుకోని మైనర్ పొరపాటున గెలిచి గొలుసును చీల్చే ప్రమాదం అలా తప్పింది. 2023 మార్చిలో వచ్చిన మార్పుకు గుర్తును ఒక అంకె పెంచారు. ఒక్క బైటు రెండు ఉద్యోగాలు చేస్తోంది, రెండూ ముఖ్యమైనవే.

తాళం నమోదు చేసే రాతకూ ఇదే కొలత: గుర్తులకు 3, ఏకాభిప్రాయ హ్యాష్‌కు 20, తాళానికి 32, మైనర్ ఇష్టానికి వదిలినవి 25. మళ్లీ 80. పొరగా ఉన్న రోజుల ఏకాభిప్రాయ హ్యాష్ ఇక్కడ తిరిగి కనిపిస్తుంది. రెట్టింపు దూరాల పద్ధతి సహా అది కొత్త గొలుసు గుండెలోకి వచ్చి కూర్చుంది. పైథాన్‌లో రాసిన పాత నోడ్‌ను పక్కనపెట్టి రస్ట్‌లో అంతా కొత్తగా రాశారు, ఈ ఆలోచనను మాత్రం వదల్లేదు.

డబ్బు సంగతికి వద్దాం. సిప్ 001లో మైనర్లు బిట్‌కాయిన్‌ను కాల్చెయ్యాలి, అంటే ఎవరూ తియ్యలేని చిరునామాకు పంపాలి. భద్రతకు అది చాలు. కానీ కాలిన సొమ్ము ఎవరికీ ఉపయోగపడదు. 2020లో వచ్చిన సిప్ 007 ఇక్కడ ఒక్క మార్పు చేసింది: కాల్చే బదులు, స్టాక్స్ టోకెన్లను కొంతకాలం కదపకుండా పెట్టినవాళ్లకు ఆ బిట్‌కాయిన్ పంపాలి. దీన్నే ప్రూఫ్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ అన్నారు. కాలాన్ని 2,100 బిట్‌కాయిన్ బ్లాకుల ఆవృత్తాలుగా విడగొట్టారు, ఇంచుమించు రెండు వారాలు. అందులో 2,000 బ్లాకులు చెల్లింపులకు. బ్లాకుకు రెండు చిరునామాలు చొప్పున 4,000 చోట్లు. ఏ బ్లాకులో ఏ రెండు చిరునామాలకు పంపాలో మైనర్ ఎంచుకోడు. ముందే చీటీ తీసినట్టు ఖాయమై ఉంటుంది, పోటీలో ఉన్న ప్రతి మైనరూ ఆ ఇద్దరికే పంపాలి. లేకపోతే తన డబ్బు తన చిరునామాకే పంపుకుని ఉత్తినే పోటీ చేసేవాడు. మిగిలిన 100 బ్లాకులు వచ్చే ఆవృత్తంలో ఎవరెవరికి చెల్లించాలో తేల్చుకోవడానికి. ఆ 100 బ్లాకుల పాటు సొమ్ము పాతపద్ధతిలోనే కాలిపోతుంది. ఎవరికి చెల్లించాలో నిర్ణయమయ్యే వేళ ఎవరికీ చెల్లించకపోవడం ఎంత సరళమైన నియమమో, అంత ఆలోచించి పెట్టిన నియమం.

ఇక సామాను తరలింపు. కొత్త గొలుసు బిట్‌కాయిన్ 6,66,050వ బ్లాకు దగ్గర లెక్క మొదలుపెట్టింది. పాత పొరలోని ఖాతాల నిల్వలు, విడతలవారీగా విడుదల కావలసిన టోకెన్ల షెడ్యూళ్లు, పేర్లు, వాటి వివరాలు అన్నీ ఒక జాబితాగా తీసి, దాన్ని నోడ్ సాఫ్ట్‌వేర్‌తోనే పంపారు. జనానికి తాళాలు మార్చుకోవాల్సిన పని పడలేదు. బిట్‌కాయిన్ చిరునామా వెనక ఉండే 20 బైట్ల హ్యాషే స్టాక్స్ చిరునామా వెనకా ఉంటుంది, పైకి రాసే తీరు మాత్రం వేరు. ఎస్‌పితో మొదలయ్యే ఆ చిరునామాల్లో ఐ, ఎల్, ఓ, యు అక్షరాలు వాడరు. సున్నాకూ ఓకూ, ఒకటికీ ఐకీ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకున్న జాగ్రత్త అది. అసలు ఈ ప్రయాణానికి మూలమైన పేర్ల నమోదు కొత్త గొలుసులో ఒక మామూలు ఒప్పందంగా మారింది, మొదటి బ్లాకులోనే రాసిపెట్టిన కొద్ది ఒప్పందాల్లో అదొకటి. ఒకప్పుడు వ్యవస్థ అంతా తానే అయినది ఇప్పుడు క్లారిటీ భాషలో రాసిన ఒక ప్రోగ్రాము. ఆ క్లారిటీ గురించి విడిగా ఒక వ్యాసం రాయవచ్చు. అంతులేని లూపులకూ, తనను తాను పిలుచుకునే ఫంక్షన్లకూ అందులో తావు లేదు కాబట్టి ప్రోగ్రాము నడవకముందే దాని ఖర్చుకు హద్దు చెప్పగలం. బిట్‌కాయిన్ ఎన్నో బ్లాకు దగ్గరుందో ఒప్పందం తానే అడిగి తెలుసుకోగలదు.

పాత ఇంటి వాకిలి కూడా పూర్తిగా మూసెయ్యలేదు. స్టాక్స్ మైనర్లు ఎవరిదైనా లావాదేవీని కావాలని పక్కనపెడితే, ఆ మనిషి బిట్‌కాయిన్ మీదుగానే టోకెన్లు పంపవచ్చు, కదలకుండా పెట్టవచ్చు. నోడ్‌లన్నీ బిట్‌కాయిన్‌ను ఎలాగూ చదువుతున్నాయి కాబట్టి దాన్ని ఏ మైనరూ కాదనలేడు.

లోపాలు లేవా అంటే ఉండేవి, పెద్దవే. ఎన్నిక బిట్‌కాయిన్‌లో జరుగుతుంది కాబట్టి బ్లాకుకు పది నిమిషాలు పట్టడం తప్పలేదు. మధ్యలో చిన్న బ్లాకులు పంపుతూ వేగం పెంచే ఏర్పాటు తొలి రూపకల్పనలోనే ఉన్నా, ఆచరణలో నమ్ముకోదగ్గదిగా నిలవలేదు. అంతకన్నా లోతైన లోపం మరొకటి ఉండేది. బిట్‌కాయిన్ చీలికలను నమోదు చేస్తుందే గానీ ఆపదు. తగినంత ఖర్చుకు సిద్ధపడిన మైనర్లు కొన్ని బ్లాకుల వెనకనుంచి కొత్త కొమ్మ కట్టుకుంటూ రాగలిగేవాళ్లు. అందరూ చూస్తూనే ఉన్నా, కొమ్మ పొడుగైతే అదే చరిత్ర అయ్యేది. 2023 ఏప్రిల్‌లో ఇంకో సమస్య వచ్చింది. కదలకుండా పెట్టిన టోకెన్ల మొత్తాన్ని పెంచుకునే ఫంక్షన్‌లో లెక్క తప్పు బయటపడి, చెల్లింపుల పద్ధతిని కొన్నాళ్లు పూర్తిగా ఆపి, ఒప్పందాన్ని మళ్లీ రాసి, మే నెలలో తిరిగి నడిపించారు. జనం సొమ్ము తిరుగుతున్న యంత్రాన్ని ఆపి బాగుచెయ్యడానికి ధైర్యం కావాలి, వాళ్లు వెనకాడలేదు.

వేగం, చీలికల లోపాలకు జవాబు 2024 అక్టోబరు 29న, బిట్‌కాయిన్ 8,67,867వ బ్లాకు దగ్గర వచ్చింది. నకమోటో అనే ఆ మార్పు తరవాత, బిట్‌కాయిన్ ఎన్నికలో గెలిచిన మైనర్‌కు దక్కేది ఒక బ్లాకు కాదు, తరవాతి ఎన్నిక దాకా ఒక పదవీకాలం. ఆ కాలంలో అతను కొన్ని క్షణాలకొక బ్లాకు చొప్పున రాసుకుంటూ పోతాడు. టోకెన్లు కదపకుండా పెట్టినవాళ్లలో, బరువు ప్రకారం, 70 శాతం సంతకం చేస్తేనే ప్రతి బ్లాకూ చెల్లుతుంది. అందువల్ల మైనర్ ఒక్కడే కొత్త కొమ్మ కట్టడం కుదరదు.

ఇంత పెద్ద మార్పులోనూ 80 బైట్లు 80 గానే ఉన్నాయి. మొదటి 32 బైట్ల గడిలో రాసేది మాత్రం మారింది. ఇదివరకు మైనర్ తాను కట్టబోయే బ్లాకు హ్యాష్ అందులో రాసేవాడు. ఇప్పుడు ముందరి పదవీకాలపు తొలి బ్లాకు హ్యాష్ రాస్తాడు. తాను రాయబోయేదానికి మాట ఇవ్వడం పోయి, తాను ఒప్పుకుంటున్న గతానికి సాక్ష్యం చెప్పడం వచ్చింది. నకమోటో నియమాల కింద ఆ సాక్ష్యం బిట్‌కాయిన్‌లోకి ఎక్కాక, అంతవరకూ జరిగిన స్టాక్స్ చరిత్రను తిరగరాయాలంటే బిట్‌కాయిన్‌నే తిరగరాయాలి. 2015లో నేమ్‌కాయిన్‌ను వదిలినప్పుడు కోరుకున్న భద్రత ఇదే. 2025 అక్టోబరులో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ ఓపీ రిటర్న్ మీద ఉన్న పాత చిన్న పరిమితిని ఎత్తేసింది. ఇవాళ మొదలుపెట్టే వాళ్లకు బైట్లు లెక్కపెట్టుకునే అవసరం లేదు. చోటుకు కటకట ఉన్న రోజుల్లో కుదిరిన ఈ అమరిక మాత్రం, ఒక్క బైటు కూడా అదనంగా అడగకుండా, ఆ కొత్త పనినీ మోసింది.